అమ్మంగదేవిని వేంగికి ఇవ్వకపోయి ఉంటే చోళ సింహాసనం ఎవరికి దక్కేది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రాజేంద్ర చోళుడు తన కూతురు అమ్మంగదేవిని రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడికి ఇచ్చాడు, వాళ్ల కొడుకే 1070లో కులోత్తుంగ చోళుడై చోళ గద్దె ఎక్కాడు. ఆ పెళ్లే జరగకపోతే ఏమయ్యేది, ఒక్క పెళ్లి వంశాన్నే మార్చేస్తుందా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ పెళ్లి జరగకపోతే కులోత్తుంగుడనే మనిషే లేడు. చోళ రాజధాని గంగైకొండ చోళపురంలో చోళుల మగ సంతతిలోనే ఎవరో ఒకరు కూర్చునేవారు, బహుశా కల్యాణి నుంచి ఏలిన పశ్చిమ చాళుక్యుడు ఆరో విక్రమాదిత్యుడి చెప్పుచేతల్లో ఉండేవారు. అయితే ఆ పెళ్లి వల్లే సింహాసనం వచ్చిందనుకుంటే మాత్రం పొరపాటు. పెళ్లి వల్ల వచ్చింది అడిగే హక్కు మాత్రమే. ఆ హక్కు చేతికి అందడానికి యుద్ధంలో ఒక చావు, అకాలంగా ఇంకో రెండు చావులు, చేతిలో సైన్యం, సరైన సమయంలో సరైన చోట ఉండటం, ఇవన్నీ కలిసి రావలసి వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని మనవాళ్లు దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఆ పెళ్లి చోళుల కంటే వేంగినే ఎక్కువగా మార్చింది. దాని గురించి చివర్లో చెబుతాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పాను. శాసన పాఠాలు చదవడం ఉద్యోగంలో భాగంగా మొదలై తర్వాత ఇష్టమైపోయింది. ఈ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద వంశవృక్షం గీసేవాణ్ణి, గీసిన ప్రతిసారీ పిల్లలు ఒకే చోట తికమక పడేవారు. ఎందుకంటే అందులో రాజరాజులు ఇద్దరు ముగ్గురు, రాజేంద్రులు ముగ్గురు, కుందవ్వలు ఇద్దరు. ఈ మధ్య చోళుల మీద సినిమాలు వచ్చాక కుందవ్వ అనగానే అందరికీ రాజరాజ చోళుడి అక్కే గుర్తుకొస్తోంది. మన కథలోని కుందవ్వ ఆమె కాదు. మేనత్త పేరే పెట్టుకున్న రాజరాజ చోళుడి కూతురు.

అసలు చోళుల ఆడపడుచు వేంగికి ఎందుకు వచ్చిందో తెలియకపోతే మిగతాది అర్థం కాదు. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల రాగిరేకులు, అంటే రాగి మీద చెక్కిన దానశాసనాలు, మీరు ఎప్పుడైనా మ్యూజియంలో చూసి ఉంటే గుర్తుండే ఉంటుంది. రేకులన్నిటికీ రంధ్రం వేసి ఒక పెద్ద కడియానికి గుచ్చుతారు, కడియం అతుకు మీద గుండ్రటి ముద్ర ఉంటుంది, ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, మధ్యలో 'శ్రీ త్రిభువనాంకుశ' అనే అక్షరాలు. లోపల దానం సంగతి మొదలయ్యే ముందు వంశం మొత్తం వరసగా చెబుతారు, ఎవరు ఎన్నేళ్లు ఏలారో లెక్కతో సహా. ఆ లెక్క ఎంత ఖచ్చితంగా ఉంటుందంటే ఒకాయన ఆరు నెలలు, తాళపుడు ఒక్క నెల అని కూడా రాసుకున్నారు. అలా లెక్క చెప్పుకుంటూ వచ్చి దానార్ణవుడి దగ్గర ఆగుతారు. 973లో ఆయన్ని తెలుగు చోడ నాయకుడు జటాచోడ భీముడు చంపాడు. తర్వాత 27 ఏళ్లు దైవం అనుకూలించక వేంగి భూమి నాయకుడు లేకుండా పోయిందని రేకులు చెబుతాయి. నిజానికి ఆ 27 ఏళ్లూ భీముడు ఏలుతూనే ఉన్నాడు, వాళ్ల దృష్టిలో ఆయన రాజు కాదు, అంతే.

దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు పారిపోయి చోళ దేశం చేరారు. రాజరాజ చోళుడు సైన్యం పంపి శక్తివర్మను వేంగి గద్దె మీద కూర్చోబెట్టాడు, తమ్ముడు విమలాదిత్యుడికి కూతురు కుందవ్వను ఇచ్చాడు. మొదటి పెళ్లి ఇది. వాళ్ల కొడుకు రాజరాజ నరేంద్రుడు, అంటే మన నన్నయ ప్రభువు. ఆయన మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. రెండో పెళ్లి. వీళ్ల కొడుక్కి తాత పేరే పెట్టి రాజేంద్రుడన్నారు. తర్వాత కులోత్తుంగుడైన ఆ రాజేంద్రుడు మళ్లీ తన మేనమామ, రెండో రాజేంద్ర చోళుడి కూతురు మధురాంతకిని చేసుకున్నాడు. అది మూడో పెళ్లి.

మన ఊళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా ఈ వరస వింటే వెంటనే అనే మాట మేనరికం. మీరు 'ఒక్క పెళ్లి' అంటున్నారు గానీ, నా లెక్కలో ఇది మూడు తరాల మేనరికం. దీన్ని వేరే దేశాల రాజుల పెళ్లిళ్లతో పోల్చి చూస్తే అసలు విషయం జారిపోతుంది. దూరదేశపు రాజుకు పిల్లనిచ్చి సంధి చేసుకోవడం వేరు, ఆడపడుచు కొడుక్కే తరం తర్వాత తరం పిల్లనిస్తూ పోవడం వేరు. బోర్డు మీద గీసి చూడండి. కులోత్తుంగుడి నాయనమ్మ కుందవ్వ, అమ్మకు నాన్న రాజేంద్ర చోళుడు, ఈ ఇద్దరూ అన్నాచెల్లెళ్లు కాబట్టి రాజరాజ చోళుడు ఆయనకు ఇటూ ముత్తాతే, అటూ ముత్తాతే. తండ్రి సగం చోళుడు, తల్లి పూర్తిగా చోళుల బిడ్డ, భార్యా చోళుల బిడ్డే. ఇలాంటి మనిషి 1070లో వస్తే ఆ ఊరివాళ్లకు బయటివాడు వచ్చినట్టు అనిపించి ఉండదు.

మరి 'చోళులకు మగ వారసులు లేకపోతేనే కదా కూతురి కొడుక్కి వచ్చేది' అనే ప్రశ్న. చాలామంది అలాగే అనుకుంటారు, పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో చెప్పేయడం వల్ల వచ్చిన చిక్కు అది. రాజేంద్ర చోళుడి ముగ్గురు కొడుకులు వరసగా రాజులయ్యారు. పెద్దవాడు రాజాధిరాజు 1054లో కొప్పం దగ్గర పశ్చిమ చాళుక్యులతో పోరాడుతూ ఏనుగు మీదే ప్రాణం విడిచాడు, తర్వాతి తమిళ శాసనాలు ఆయన్ని 'ఆనైమేల్ తుంజిన దేవర్', ఏనుగు మీద నిద్రించిన దేవర అనే పిలుస్తాయి. తమ్ముడు రెండో రాజేంద్రుడు ఆ యుద్ధభూమిలోనే కిరీటం పెట్టుకున్నాడు. ఆయన తన శాసనంలో చిన్నాన్నకూ తమ్ముళ్లకూ కొడుకులకూ మనవళ్లకూ ఇచ్చిన బిరుదులన్నీ జాబితాగా చెక్కించాడు. అది చదివితే ఆ ఇంట్లో మగవాళ్లకు కొదవ లేదని ఎవరికైనా తెలుస్తుంది. అయితే యువరాజుగా ఉన్న ఆయన కొడుకు రాజమహేంద్రుడు తండ్రి కంటే ముందే పోయాడు. దాంతో గద్దె మూడో తమ్ముడు వీరరాజేంద్రుడికి వచ్చింది, ఆయన కొడుకు అధిరాజేంద్రుడు యువరాజయ్యాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే పెళ్లి ఒక్కటే సరిపోదనడానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం ఇదే. 1061లో రాజరాజ నరేంద్రుడు చనిపోయాడు. కొడుకు రాజేంద్రుడు ఉన్నాడు, మేనమామలు చోళ చక్రవర్తులు. అయినా వేంగి ఆయనకు రాలేదు. నరేంద్రుడి సవతి తమ్ముడు విజయాదిత్యుడు, అన్న బతికుండగా కూడా పశ్చిమ చాళుక్యుల అండతో గద్దె కోసం పెనుగులాడినవాడే, వేంగిని తన కొడుకు శక్తివర్మకు దక్కించాడు. ఆ కుర్రవాడు ఏడాది తిరక్కుండానే పోతే తానే రాజయ్యాడు. తర్వాత వీరరాజేంద్రుడు బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డున పశ్చిమ చాళుక్య సేనల్ని ఓడించి వేంగిని గెలిచాడు. గెలిచి ఎవరికిచ్చాడు? సొంత మేనల్లుడికి కాదు. తన పాదాలను ఆశ్రయించిన విజయాదిత్యుడికి ఇచ్చానని తన శాసనాల్లోనే చెప్పుకున్నాడు.

ఇదే సంగతి కులోత్తుంగుడి కొడుకు వీరచోడుడి చెల్లూరు శాసనంలో ఇంకోలా ఉంది. నాకు చోళ రాజ్యం మీద కోరిక ఉండి వేంగిని మా చిన్నాన్న విజయాదిత్యుడికి ఇచ్చాను, ఆయన పదిహేనేళ్లు ఏలి స్వర్గానికి వెళ్లాడు అని కులోత్తుంగుడే చెబుతున్నట్టు రాశారు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు మాత్రం చెల్లూరు రేకుల్లో పరువు కాపాడుకునే ప్రయత్నమే కనిపిస్తుంది. పోగొట్టుకున్నదాన్ని నేనే ఇచ్చానని చెప్పుకోవడం అన్నమాట. క్లాసులో పిల్లలకు ఈ రెండు భాగాలూ ఇచ్చి ఎవరి మాట నమ్ముతారని అడిగేవాణ్ణి, ఏ సంవత్సరమూ చర్చ ఒక పీరియడ్‌లో అయ్యేది కాదు.

1061 నుంచి 1070 దాకా ఆ తొమ్మిదేళ్లు కులోత్తుంగుడు ఖాళీగా మాత్రం లేడు. ఇప్పటి బస్తర్ ప్రాంతంలోని చక్రకోట మీదకు వెళ్లి గెలిచాడు, వయిరాగరం దగ్గర ఏనుగుల్ని పట్టాడు. చోళ గద్దె ఎక్కిన తర్వాత తన తొలి శాసనాల్లో గొప్పగా చెప్పుకున్నవి యువరాజుగా ఉన్నప్పుడు చేసిన ఈ పనులే. అంటే 1070 నాటికి ఆయన రాజ్యం లేని రాకుమారుడు, కానీ వెంట సొంత సైన్యం ఉంది, యుద్ధాల్లో రాటుదేలిన మనిషి.

ఇప్పుడు ఇంకో పెళ్లిసంబంధం సంగతి. మీ ప్రశ్నలో అది లేదు గానీ, దాన్ని వదిలేస్తే లెక్క కుదరదు. వీరరాజేంద్రుడు చివరి రోజుల్లో తన కూతుర్ని పశ్చిమ చాళుక్య రాకుమారుడు విక్రమాదిత్యుడికి ఇచ్చాడు. తరతరాల శత్రువు ఇంటికి పిల్లనిచ్చాడంటే అది కొడుకు అధిరాజేంద్రుడికి అండ చూపించడానికే అని నేననుకుంటాను. 1070లో వీరరాజేంద్రుడు పోయాడు. విక్రమాదిత్యుడి ఆస్థానకవి బిల్హణుడు రాసిన విక్రమాంకదేవచరితం ప్రకారం ఆయన కంచికీ, అక్కణ్ణుంచి గంగైకొండ చోళపురానికీ వెళ్లి, అల్లరి అణచి, బావమరిదిని గద్దె మీద కూర్చోబెట్టి, కొన్నాళ్లుండి తుంగభద్ర వైపు తిరిగొచ్చాడు. వచ్చిన కొద్దిరోజులకే కబురు: జనం తిరగబడితే అధిరాజేంద్రుడు చనిపోయాడు, వేంగి నుంచి వచ్చిన 'రాజిగ' గద్దె ఆక్రమించాడు. రాజిగ అంటే మన రాజేంద్రుడే. శత్రువు కొలువులో కవి కాబట్టి పేరును అలా చిన్నబుచ్చి పలికాడు.

కాబట్టి 1070లో జరిగింది ఇద్దరు అల్లుళ్ల పోటీ. ఒకరు రెండో రాజేంద్రుడి అల్లుడు, ఇంకొకరు వీరరాజేంద్రుడి అల్లుడు. ఒకరు ఆ ఇంటి ఆడపడుచు కొడుకు కూడా, ఇంకొకరికి ఆ వరస లేదు. విక్రమాదిత్యుడు తాను రాజు కాలేడు, బావమరిదిని నిలబెట్టగలడంతే, ఆ బావమరిది పోగానే ఆయన చేతిలో ఏమీ మిగల్లేదు. రాజేంద్రుడు మాత్రం నేరుగా కూర్చోగలడు. అమ్మంగదేవి పెళ్లి చేసిన పని సరిగ్గా ఇదే. అధిరాజేంద్రుడి చావులో కులోత్తుంగుడి చెయ్యి ఉందా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. లాభపడ్డవాడు ఆయనే అన్నమాట నిజం, అంతకుమించి నేరం మోపడానికి శాసనాల్లో ఆధారం లేదు.

గద్దె ఎక్కిన తీరు చూడండి, అక్కడ ఆయన తెలివి కనిపిస్తుంది. చోళ రాజులు ఒకరు రాజకేసరి అయితే తర్వాతివాడు పరకేసరి, ఇలా ఒకటి విడిచి ఒకటి బిరుదు పెట్టుకునేవారు. వీరరాజేంద్రుడు రాజకేసరి, అధిరాజేంద్రుడు పరకేసరి. మనవాడు వచ్చి రాజకేసరి అన్నాడు. వరస ఎక్కడా తెగలేదు. తమిళ ప్రశస్తిలో, అంటే శాసనంలో రాజును పొగిడే భాగంలో, పొన్నిని, అంటే కావేరిని చీరగా కట్టుకున్న ఆ భూదేవి ఒంటరితనం తీరేలా కిరీటం ధరించాడని ఉంటుంది. ఎలా ధరించాడట? 'ఉరిమైయిల్ సూడి'. అంటే హక్కుగా. ఎంతో అలంకారం ఉన్న ఆ ప్రశస్తిలో నాకు అన్నిటికంటే బరువుగా కనిపించేది ఆ ఒక్క మాటే. గెలిచానని కాదు, హక్కుందని చెప్పుకోవడం ఆయనకు అవసరమైంది.

నిజానికి గోత్రం లెక్కలో వంశం మారిపోయింది. తూర్పు చాళుక్యులు చంద్రవంశం అని చెప్పుకునేవారు, చోళులు సూర్యవంశం. కొడుకు తండ్రి వంశానికే చెందుతాడు కాబట్టి 1070 నుంచి 1279 దాకా చోళ గద్దె మీద కూర్చున్నవాళ్లలో చాలామంది మగ సంతతి లెక్కలో వేంగి చాళుక్యులే. కానీ పేరు మారలేదు, రాజధాని మారలేదు, ఆలయాలూ ఆచారాలూ మారలేదు. అందుకే ఈ రెండువైపుల వాదనలూ నాకు నచ్చవు. 'తెలుగువాడు చోళ సామ్రాజ్యాన్ని ఏలాడు' అని మనవాళ్లు జబ్బలు చరుచుకోవడం, 'తెలుగువాడు వచ్చి ఆక్రమించాడు' అని అటువాళ్లు బాధపడటం. నాయనమ్మ, అమ్మ, భార్య ముగ్గురూ చోళ ఆడపడుచులైన మనిషిని ఇప్పటి భాషల సరిహద్దులతో కొలవడం ఆయనకు అన్యాయం.

కూతురి కొడుకుల విషయంలో ఇంకో రెండు ఉదాహరణలు త్వరగా. ముఖలింగం నుంచి ఏలిన గంగరాజు అనంతవర్మ చోడగంగ తల్లి రాజసుందరి కూడా చోళ రాజకుమార్తే. పేరులోనే చోడ అని పెట్టుకున్నాడు, 1078 నుంచి సుమారు డెబ్భై ఏళ్లు ఏలాడు, కానీ చోళ గద్దె జోలికి పోలేదు. ఆ సంబంధం ఒక్క తరానిది, పైగా కులోత్తుంగుడు గట్టిగా కూర్చుని ఉన్నాడు. కాకతీయుల్లో గణపతిదేవుడికి కొడుకులు లేరు, ఇద్దరు కూతుళ్లు. గణపాంబను కోట వంశపు బేతరాజుకు ఇచ్చి పంపేశాడు, రుద్రమను మాత్రం రాజును చేశాడు. రుద్రమ కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తు తీసుకుని వారసుణ్ణి చేశారు. అక్కడ కూతురి కొడుక్కి రాజ్యం వచ్చింది ముందే అనుకుని చేసిన ఏర్పాటు వల్ల, ఇక్కడ ఎవరూ అనుకోకుండా.

మా అమ్మ పుట్టింటి ఊళ్లో ఒక కుటుంబంలో ఇలాంటిదే జరిగింది కాబట్టి నాకు ఈ కథ పుస్తకంలోదిగా అనిపించదు. ఆ ఇంటి మగపిల్లలు చదువులకని ఊరొదిలారు, మేనరికం చేసుకున్న కూతురి కొడుకు మాత్రం తాత పొలంలోనే పెరిగాడు, పాలేర్లు, పంటకాలువ తగాదాలు, బ్యాంకు అప్పు అన్నీ అతనే చూసుకున్నాడు. తాత పోయాక కాగితాల మీద ఎవరి హక్కు ఎంతో తేలడానికి చాలాకాలం పట్టింది గానీ, ఊరు మాత్రం మొదటి రోజు నుంచే అతన్ని యజమానిగా చూసింది.

ఇక మొదట్లో చెప్పిన వేంగి సంగతి. అమ్మంగదేవి పెళ్లి లేకపోతే 1061 తర్వాత వేంగి కల్యాణి వైపు వెళ్లిపోయి ఉండేదని నా నమ్మకం, విజయాదిత్యుడి మొగ్గు మొదటినుంచీ అటే. ఆ పెళ్లి వల్ల వేంగి మరో యాభై ఏళ్లు చోళుల దగ్గర నిలిచింది. కానీ ఎలా నిలిచింది? కుబ్జ విష్ణువర్ధనుడి నుంచి నాలుగు వందల ఏళ్లకు పైగా సొంత రాజుతో, సొంత ముద్రతో బతికిన రాజ్యం, 1075 ప్రాంతంలో విజయాదిత్యుడు పోయాక చక్రవర్తి కొడుకుల్ని పంపే పోస్టింగ్ అయిపోయింది. మొదట వచ్చిన రాజరాజ ముమ్మడిచోడుడు ఏడాదికే తిరిగి వెళ్లిపోయాడు. తల్లిదండ్రుల పాదసేవలో ఉన్న సుఖం రాజ్యంలో లేదని వెళ్లాడని చెల్లూరు శాసనం చెబుతుంది. తర్వాత తమ్ముడు వీరచోడుడు, ఆ తర్వాత రాజరాజ చోడగంగు, మళ్లీ వీరచోడుడు, చివరికి విక్రమచోడుడు. నన్నయ భారతం మొదలుపెట్టిన రాజమహేంద్రవరం కొలువులో ఆ తర్వాత ఎవరూ అక్కడే పాతుకుపోవాలని రాలేదు. అందరి చూపూ కావేరి వైపే.

1118లో ముసలి తండ్రి పిలిస్తే విక్రమచోడుడు చోళ దేశాన్ని కాపాడటానికి వెళ్లిపోయాడు. విక్రమాదిత్యుడి సేనాని అనంతపాలుడు వేంగిలోకి వచ్చాడు, ద్రాక్షారామం గుడి శాసనాల్లో ఆ విక్రమాదిత్యుడు మొదలుపెట్టిన చాళుక్య విక్రమ శకం తేదీలు కనిపించడం మొదలైంది. 1202లో పిఠాపురంలో మల్లపదేవుడు వేయించిన స్తంభ శాసనంలో ఈ ఘట్టం ఒక్క ముక్కలో ఉంటుంది. విక్రమచోడుడు వెళ్లాక వేంగి భూమి నాయకుడు లేనిదైపోయిందని. కుందవ్వ పెళ్లికి ముందు, 973 తర్వాతి ఆ 27 ఏళ్ల గురించి రాగిరేకులు చెప్పినదీ అదే మాట.